అన్నయ్య ఎంచుకున్న లైటు

మా ఊళ్ళో రొయ్యల చెరువు ఉన్న ప్రతి ఇంట్లోనూ బ్యాటరీ లైటు ఉండాల్సిందే. చీకటి పడగానే గట్టు మీద నిలబడి నీళ్ళ అంచు వెంబడి లైటు వేస్తే రొయ్యల కళ్ళు ఎర్రగా మెరుస్తాయి. లోతులో అక్కడొకటి ఇక్కడొకటి మెరిస్తే చెరువు బాగున్నట్టు. గట్టు పక్కనే గుంపులుగా మెరిస్తే తెల్లమచ్చ తగిలినట్టు. ఆ జబ్బు సోకిన రొయ్య లోతులో ఉండలేదు, అంచుకు వచ్చేసి అక్కడక్కడే తిరుగుతుంది. ఆ ఎర్రటి వరస కనపడిందంటే పంట మీద ఆశ వదులుకోవాల్సిందే. నేను గట్టెక్కితే ముందు కళ్ళు మూసుకుని స్విచ్చి నొక్కి, తర్వాత ఒక్కో కన్నూ తెరిచేదాన్ని. "నువ్వు మూసుకుంటే రొయ్యలు కూడా కళ్ళు మూసుకుంటయ్యా?" అని మా ఆయన ఎగతాళి చేసేవారు. ఆయనకీ భయమే. కాకపోతే మగవాడు కదా, ఆ భయాన్ని మీసాల్లో దాచుకునేవారు.

మా అత్తవారూ, పుట్టింటివారూ సముద్రం మీద వేటతో బతికినవాళ్ళే. రొయ్యల మోజు మా తీరానికి వచ్చాక అందరూ ఉప్పునేలలు తవ్వడం మొదలుపెట్టారు. మా ఆయన పడవా వలలూ అమ్మేసి చెరువు తవ్వించారు. మొదటి రెండు పంటలూ జబ్బుకే పోయాయి. మూడోది నిలబడింది, రొయ్య బాగా ఎదిగింది. ఇదీ పోతే మళ్ళీ వేటకు వెళ్ళడానికి సొంత పడవ లేదు, ఎవరి పడవ మీదో కూలికి ఎక్కాలి. ఈ మాట మా ఇద్దరికీ తెలుసు గనక ఎప్పుడూ పైకి అనుకునేవాళ్ళం కాదు.

మా అన్నయ్య చెరువు మాకు ఎగువన ఉండేది. ఇద్దరికీ ఒకటే ఉప్పుకాలువ. నీళ్ళు తోడుకునేదీ అందులోంచే, వదిలేదీ అందులోకే. అందుకని మా వైపు ఒక కట్టుబాటు ఉండేది. ఎవరి చెరువుకు జబ్బు తగిలినా, మిగిలిన రొయ్యల్ని పట్టుకోడానికి తూము ఎత్తి నీళ్ళు వదిలే ముందు దిగువవాళ్ళకి కబురు పెట్టాలి. ఆ నీళ్ళు తోడుకోకుండా వాళ్ళు తమ మోటార్లు ఆపుకుంటారు. కబురు పెడితే ఊరంతా గుప్పుమంటుంది, కొనడానికి వచ్చే వ్యాపారి రేటు సగానికి కోసేస్తాడు. అయినా సరే, పెట్టి తీరాలి.

రెండువేల సంవత్సరం దాటాక జరిగిన మాట ఇది. చెరువు మందుల కోసం అన్నయ్యా నేనూ విజయవాడ వెళ్ళాం. మా ఆయన చెరువు వదిలి అడుగు కదిపేవారు కాదు. మందులు తీసుకున్నాక అన్నయ్య బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ఎలక్ట్రికల్ షాపులోకి దారి తీశాడు. చిన్న చిన్న ఛార్జింగు లైట్లు అప్పుడప్పుడే చవగ్గా దిగుతున్నాయి. బ్యాటరీ సెల్లులు కొనలేక విసిగిపోయిన మాకు ప్లగ్గులో పెడితే చాలనే మాటే పండగలా ఉండేది.

షాపతను రకరకాలవి బల్ల మీద పరిచాడు. మోచెయ్యంత పొడుగున్నది ఒకటి తీసి, "దీన్నేస్తే కాలవ అవతల గట్టు మీద మనిషిని కూడా గుర్తుపట్టొచ్చండీ" అన్నాడు. నా మనసు దాని మీదకే పోయింది. అన్నయ్య దాని వంక చూడనైనా లేదు. అరచేతిలో ఇమిడిపోయే లైటు ఒకటి తీసుకున్నాడు. వెనక మూత జరిపితే ప్లగ్గు పుల్లలు బయటికి వస్తాయి. స్విచ్చి ఒకసారి నొక్కితే మసగ్గా, రెండోసారి నొక్కితే కాస్త గట్టిగా వెలుగుతుంది.

"దూరం నుంచి చూసేవాళ్ళకి ఇది కనపడుద్దాండీ?" అని అడిగాడు.

లైటు ఎంత దూరం కొడుతుందని అడిగేవాళ్ళనే గాని ఇలాంటి బేరాన్ని ఆ షాపతను ఎప్పుడూ చూసి ఉండడు. నా వైపు చూశాడు. నాకేం తెలుసు! అన్నయ్య అతన్ని అడిగి షాపు వెనకాల సామాను గదిలోకి వెళ్ళాడు. నన్ను గుమ్మంలో నిలబడమన్నాడు. లోపల చీకట్లో లైటు నేల వైపు పట్టుకుని, మసక వెలుగు మీద పెట్టి నొక్కాడు.

"నా మొహం కనపడతందా?"

"లేదు. నీ కాళ్ళు కనపడతన్నయ్."

"అయితే ఇది చాలు" అన్నాడు.

"చూడ్డానికి కొంటన్నావా, దాక్కోడానికి కొంటన్నావా?" అని నేను నవ్వాను. అన్నయ్య నవ్వలేదు. పెద్ద లైటు వేస్తే రొయ్య బెదిరి ఎగురుతుందన్నాడు. అది నిజమే కాబట్టి నమ్మాను. మాకూ అలాంటిదే ఇమ్మని షాపతనికి చెప్పబోతే అన్నయ్య గబుక్కున అడ్డం వచ్చాడు.

"మీకెందుకే? బావకి పెద్దదే తీస్కెళ్ళు."

"ఏం, మా రొయ్యలకి బెదురుండదా?" అన్నాను. వెలుగు ఎక్కువున్నది మాకు అంటగట్టి, చేతికి వాటంగా ఉన్నది తను ఉంచుకుంటున్నాడని నాకు ఉక్రోషం వచ్చింది. పట్టుబట్టి చిన్నదే తీసుకున్నాను. ఆ లైటు గురించి ఇప్పటికీ వంక పెట్టలేను. జాకెట్లో దోపుకుంటే బరువు తెలిసేది కాదు. కోళ్ళ గూడు మూయడానికీ, దొడ్లోకి వెళ్ళడానికీ, గట్టు మీద కప్పల వెంటపడే పురుగూ పుట్రా చూసుకోడానికీ దానంత సులువైన వస్తువు మా ఇంట్లో ఇంకోటి లేదు.

తిరుగు బస్సు ఉయ్యూరు దాటింది. అన్నయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ, "బావ నీళ్ళెప్పుడు పెడతన్నాడు?" అన్నాడు.

"పోటొచ్చినప్పుడల్లా పెడతానే ఉన్నారు. ఏం?"

"ఏం లేదు."

మర్నాడు అన్నయ్య గట్టు మీద కాకులు వాలాయి. కాకులు ఎక్కడైనా వాలతాయి, అందులో వింతేముంది అనుకున్నాను. ఆ పై రోజుకు ఇంకా ఎక్కువయ్యాయి. నీళ్ళ అంచున దిగి దేన్నో ముక్కున కరుచుకుని లేస్తున్నాయి. కూర పట్టుకుని నేను అటు వెళితే అన్నయ్య గట్టు మొదట్లోనే ఎదురొచ్చాడు. గిన్నె అందుకుని, "మందు జల్లాను, లోపలికి రామాక" అన్నాడు. మందు వాసన ఏమీ రాలేదు. మా వదిన పాకలోంచి తొంగిచూసి, పలకరించకుండానే లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడ నన్ను పలకరించకపోవడం అదే మొదటిసారి. ఇంటికొచ్చి మా ఆయనకు చెబితే, "మీ అన్నకేదన్నా అయితే ముందు నాకే చెప్తాడు" అన్నారు. నా పెళ్ళికి ముందు నుంచీ వాళ్ళిద్దరూ ఒకే పడవ మీద వేటాడినవాళ్ళు.

ఆ సాయంత్రం మా ఆయన మోటారు వేసి పైపు దగ్గర కూర్చున్నారు. పొద్దు కుంకింది. నేను మా చెరువు చుట్టూ లైటు వేసుకుంటూ తిరిగాను. అంచు శుభ్రంగా ఉంది, లోతులో మాత్రమే మెరుపులు. ప్రాణం లేచి వచ్చింది. అప్పటికి పోటు తీసి, కాలువలో నీళ్ళు సముద్రం వైపు తిరిగాయి. లైటు ఆపి తలెత్తితే, ఎగువన అన్నయ్య తూము దగ్గర, నేలకు ఆనుకుని ఒక మసక వెలుగు. కదులుతోంది, ఆగుతోంది, మళ్ళీ కదులుతోంది. అన్నయ్య ఇదివరకటి పెద్ద లైటయితే మనిషి ఎవరో, చేతిలో ఏముందో ఇక్కడికే తెలిసేది. అదేమిటో నాకు అర్థం కాలేదని చెబితే అబద్ధం. తూము పలకలు ఎత్తే మనిషే అక్కడ అలా వంగుతాడు.

నేను పరిగెత్తాను.

"ఏమండీ, మోటారు ఆపండి."

"ఎందుకే? కాలవ నిండుగానే ఉందిగా. ఇంకాసేపు పెడితే సరిపోద్ది."

తోడబుట్టినవాణ్ణి కట్టుకున్నవాడి ముందు ఒకసారి దొంగను చేశాక మళ్ళీ ఆ మాట వెనక్కి రాదు. అయినా మోటారు తోడుతూనే ఉంది, పైపులోంచి నీళ్ళు మా చెరువులో పడుతూనే ఉన్నాయి.

"అన్నయ్య తూమెత్తాడండీ" అన్నాను.

ఆయన ఎగువకు చూశారు. వెళ్ళి మోటారు కట్టేశారు.

కొద్ది రోజులకే మా అంచునా ఎర్రటి వరస తేలింది. మా ఆయన వేరేవాళ్ళ పడవ మీద కూలికి ఎక్కారు. జబ్బు కాకులు కూడా మోసుకొస్తాయంటారు, అన్నయ్య వదిలిన నీళ్ళ వల్లే వచ్చిందని నేను ఒట్టు వేయలేను. పంట పోయినందుకు ఏడ్చాను, కొన్నాళ్ళకు ఆ ఏడుపు తగ్గింది. తగ్గనిది వేరే ఉంది.

ఆ రాత్రి మోటారు ఆగగానే చుట్టుపక్కల అంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. మా మోటారు చప్పుడు ఎగువ దాకా వినపడుతుంది, అది ఆగడం కూడా వినపడుతుంది. అప్పుడు తెలిసింది, కాలువలోకి దూకుతున్న నీళ్ళ చప్పుడు. అన్నయ్య చేతిలో వెలుగు కదలకుండా నిలిచింది. మాకు తెలిసిపోయిందని అన్నయ్యకు తెలిసింది. వెలుగు ఆరిపోయింది. ఇప్పుడు పలకలు దించేస్తాడు అనుకున్నాను. మా ఆయనా అలాగే అనుకున్నట్టున్నారు, వచ్చి నా పక్కనే నిలబడ్డారు. తూము మూయడానికి ఎంతసేపు పడుతుందో మా ఇద్దరికీ తెలుసు. అంతసేపూ ఆగాం, ఇంకాసేపు కూడా ఆగాం. ఆ చీకట్లో నీళ్ళు దూకుతూనే ఉన్నాయి.