హవల్దారు ఏసురత్నంగారి తీర్పు

రాజోలు హాల్లో యుద్ధం సినిమా పడితే, రిటైరైన హవల్దారు ఏసురత్నంగారు బూట్లు మెరిపించుకుని మొదటాటకే హాజరు. తప్పు కనబడితే లేచి నిలబడి ప్రకటించడం ఆయన ధర్మం. "మంచులో ఆ ఇస్త్రీ చొక్కా ఏవిటండీ!" సగం జనం టిక్కెట్టు కొనేది ఆయన కోసమే.

ఆవేళ తెరమీద సిపాయి, గుండెలో తూటాతో సుదీర్ఘంగా ఉపన్యసించి, "అమ్మా" అంటూ కన్నుమూశాడు. ఏసురత్నంగారు లేచారు.

"కానీండి హవల్దారుగారూ!" అన్నారెవరో.

ముందు బెంచీలో దీనమ్మ వెనక్కి తిరిగింది. డెబ్బై ఒకటి యుద్ధంలో ఆమె కొడుకు ఈయన పక్కనే, ఒక్క మాటైనా లేకుండా కూలిపోయాడు.

"మావోడూ ఇలాగే నన్ను తలిచేడా అన్నయ్యగారూ?"

హాలంతా ఆయనవైపే చూసింది.

"ఆయ్, అచ్చం ఇలాగేనమ్మా. ఈ సీను మాత్రం సరిగ్గా తీసేరు."