బడే సాబ్ తుడిచిన బల్బు

కరెంటుతో తిరిగేది గానీ కిరసనాయిలుతో మండేది గానీ కంటబడితే బడే సాబ్ దాన్ని తుడవకుండా వదలడు. అది ఎవరిదన్న పట్టింపు ఆయనకు లేదు. తన బనియన్ కొన్నప్పుడు ఏ రంగులో ఉండేదో ఆయనకే గుర్తులేదు గానీ, ఎదురింటి ఫ్యాను రెక్క మీద దుమ్ముంటే మాత్రం అన్నం సయించదు. భుజాన పాత లుంగీ చింపిన గుడ్డ, నోట ఒకటే మాట: "దుమ్ము కరెంటు తాగుతుందప్పా!"

ఆ మాట రోజుకు ఎన్నిసార్లు వినాలో ఆయన భార్య జొహరాబీని అడగాలి. ఎమ్మిగనూరుకు రాకముందు ఆయన ఆదోనిలో ఒక పత్తి మిల్లులో మోటార్ల మీద పడే దూది పీచు తుడిచే పనిలో ఉండేవాడు. పీచు పట్టిన మోటారు ఒకటి ఆయన కళ్లముందే కాలిపోయింది. యజమాని రెండు రోజులు బాధపడి కొత్తది తెచ్చుకున్నాడు. బడే సాబ్ బాధ మాత్రం పంతొమ్మిదివందల ఎనభైల్లోకి వచ్చినా తీరలేదు.

వంటింట్లో జొహరాబీ ఉప్పు డబ్బా కోసం అటు తిరిగితే చాలు, వెనకనుంచి కేక.

"మూత! మూత పెట్టు! ఆవిరి పోతాంది!"

"పోతే యాడికి పోతుంది? మనింట్లోనే గదా ఉండేది!"

బక్రీదు నాడు బిర్యానీ సగం ఉడికాక, మంట నీలంగా లేదు, వత్తులు ఎగుడుదిగుడుగా ఉన్నాయంటూ స్టవ్ ఆర్పి ముక్కలు ముక్కలుగా విప్పేశాడు. హొళగుంద నుంచి వచ్చిన చుట్టాలు ఖర్జూరాలు నములుతూ వత్తులు కత్తిరించడం చూస్తూ కూర్చున్నారు. ఆ తర్వాత మంట నీలంగానే వచ్చింది. చుట్టాలు మాత్రం మరుసటేడు రాలేదు.

ఎదురింటి పుల్లయ్య వాళ్ల అమ్మ పోయినప్పుడు పరామర్శకు వెళ్లారు ఇద్దరూ. లోపల ఆడవాళ్లు ఏడుస్తున్నారు. బడే సాబ్ పుల్లయ్య చేతులు పట్టుకుని, "మారాణి లాంటి తల్లి..." అని మొదలుపెట్టి, పైన ఫ్యాను చూసి ఆగిపోయాడు.

"వద్దు," అంది జొహరాబీ పళ్ల బిగువున.

"రెక్కల మీద అంత దుమ్ముండాది గదే! పాపం, ఎంత బరువు మోస్తాందో!"

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకునేలోపు ఆయన స్టూలెక్కేశాడు. ఏళ్ల తరబడి పేరుకున్న దుమ్మంతా ఏడ్చేవాళ్ల నెత్తిన పడింది. ఏడుపులు ఆగి తుమ్ములు మొదలయ్యాయి. ఇంక ఈ ఊళ్లో తలెత్తుకోలేననుకుని జొహరాబీ గోడకేసి తిరిగి నిలబడింది. స్విచ్ వేశాక పుల్లయ్య ముక్కు చీదుకుంటూ అన్నాడు: "అమ్మ ఉన్నప్పుడు తుడిచి ఉంటే బాగుండె సాబూ. గాలి లేదు, గాలి లేదు అని పోయింది పాపం."

అన్నిసార్లూ ఇంత మర్యాదగా జరిగేది కాదు. చిన్నప్ప టీ హోటల్లో వెలుగుతున్న బల్బును తడిగుడ్డతో తుడిచేసరికి అది ఢామ్మని పేలి గాజంతా పాలగిన్నెలో పడింది. "చూసినావా చిన్నప్పా, దుమ్ము ఎంత బలంగా ఉండాదో!" అన్నాడే తప్ప, తప్పు తనదని ఒప్పుకున్న పాపాన పోలేదు.

జొహరాబీ ఇదంతా ఎందుకు భరించేదంటే, మిక్సీ కోసం. రోట్లో నూరి నూరి ఆమె కుడి భుజం పట్టేసింది. పక్కవీధి వహీదా బీ ఇంట్లో మిక్సీ గుర్రుమన్నప్పుడల్లా ఆమె ప్రాణం అటే పోయేది. ఎప్పుడు అడిగినా బడే సాబ్ ఆమెను మీటరు దగ్గరికి తీసుకుపోయి, లోపల తిరిగే చక్రం చూపించేవాడు.

"ఈ చక్రం కాస్త నెమ్మదించనీ. ఆ మర్నాడే మిక్సీ."

పాపం, ఆమె కూడా గుడ్డ పట్టింది. ఉన్న బల్బులు తుడిచింది, ఫ్యాను తుడిచింది, ఇస్త్రీపెట్టె వాడటం మానేసి చీరలు పరుపు కింద మడిచిపెట్టింది. చక్రం నెమ్మదించలేదు సరికదా, ఆ ఏడు ఎండాకాలం నుంచి ఇంకా వడిగా తిరగసాగింది.

"ఇదేంది, ఇంత తుడిచినా?"

"మీటరు ముసలిదైపోయిందిలే," అని ఆయన అటు తిరిగిపోయేవాడు. దుమ్మును తప్ప దేన్నీ నిందించని మనిషి మీటరును నిందించడం ఆమెకు వింతగా తోచింది.

వాళ్ల ముందుగది వీరేశం అనే నేతగాడికి అద్దెకిచ్చారు. నేలలో గుంత తీసి మగ్గం వేసుకున్నాడు. చీకటి గది కాబట్టి నెత్తికి జానెడు ఎత్తున బల్బు వేలాడుతూ పగలంతా వెలగాల్సిందే. మీటరు మాత్రం ఇంటికంతా ఒకటే. వీరేశానికి చూపు మందగించింది. పోగు తెగితే కనబడేది కాదు. అతను నేసిన చీర ఒకటి తప్పులున్నాయని షావుకారు తిప్పి పంపాడు. ఇంకొకటి ఇట్లాగే వస్తే నూలు ఇచ్చేది లేదన్నాడు. మగ్గం తప్ప ఇంకో బతుకు తెలియని మనిషి.

ఆ రోజు బడే సాబే అన్నాడు: "వీరేశం, పెద్ద బల్బు వేస్తాను."

"వద్దు సాబూ. అద్దె మాట్లాడుకున్నప్పుడు నలభై వాట్ల బల్బు అనుకుంటిమి. మీటరు నీది. నీ కరెంటు తిని నేను నేసేది వద్దు." వీరేశం పౌరుషం అలాంటిది.

"సరే పో. తుడిచేదన్నా తుడవనీ."

తుడిచాడు. గది ధగధగా వెలిగిపోయింది. "చూసినావా, దుమ్ము!" అని గంతులేశాడు. అప్పటినుంచి వీరేశం చీర ఒక్కటీ తిరిగిరాలేదు. బడే సాబ్ గుడ్డ మహిమ వీధంతా పాకింది. వీరేశానికి మాత్రం ఆ ఎండాకాలంలో కొత్తగా ఒక అలవాటైంది. మగ్గంలో కూర్చుంటే బట్టతల మీద తడి తువ్వాలు. ఎవరడిగినా "ఒళ్లు వేడి చేసింది" అనేవాడు.

మేనల్లుడి నిఖాకని బడే సాబ్ ఆదోని వెళ్లిన రోజు, ఇంట్లో తుడవడానికి ఏమీ మిగల్లేదని జొహరాబీ గుడ్డ పట్టుకుని ముందుగదిలోకి వెళ్లింది. వీరేశం నూలుకు పోయాడు. చల్లబడిన బల్బు ఊడదీసి, వెలుతురులో తిప్పి తిప్పి తుడుస్తూ దాని మీది అంకె చూసింది. నూరు!

"యా అల్లా! నా మిక్సీ వీరేశమన్న నెత్తి మీద వెలుగుతాందా!"

ఒళ్లు మండిపోయింది. వంటింట్లో నలభై బల్బు పీకి అక్కడ పెట్టింది. నూరుది కొంగులో కట్టుకుంది. ఆయన రానీ, ఆ గుడ్డతోనే దులుపుతాననుకుంది.

వీరేశం వచ్చి మగ్గంలో కూర్చున్నాడు. కాసేపటికి పోగుల మధ్య అటూ ఇటూ పరిగెత్తే నాడె చప్పుడు ఆగింది. తొంగిచూసింది. తెగిన పోగు కోసం ముఖం నూలుకు ఆనించి వేళ్లతో తడుముకుంటున్నాడు. దొరికిందనుకుని ముడి వేశాడు. వేసింది వేరే పోగుకి. మళ్లీ విప్పాడు. జొహరాబీ చెయ్యి కొంగులోని బల్బు మీదికి పోయింది. రేపు ఈ చీర గూడా తిరిగొస్తే?

"బల్బుకు దుమ్ము పట్టినట్టుందమ్మా," అన్నాడు తల ఎత్తకుండా. "సాబు ఊర్లో లేడు గదా."

"ఆయనే తుడవాల్నా ఏంది? నేను తుడుస్తా, నువ్వు బయట కూర్చో అన్నా."

బల్బు మార్చింది. గది వెలిగింది. వీరేశం లోపలికొచ్చి, గుంతలో దిగి, తువ్వాలు కుండలో ముంచి నెత్తిన వేసుకున్నాడు. జొహరాబీ ఆ తువ్వాలు వంక చూసింది. బల్బు వంక చూసింది.

"అన్నా! నీకు తెలుసా?"

"ఎట్ల తెలీదమ్మా? కండ్లు పోయినాయి గాని నెత్తి పోలేదు గదా. ఇంతసేపూ సల్లగా ఉండె."

"మరి ఇన్నాళ్లు సెప్పలేదేంటికి?"

"వద్దని నేనే అంటి. ఇప్పుడు తెలుసంటే తీసెయ్యమనాల. తీసేస్తే మగ్గం ఆగిపోతుంది." నవ్వాడు. "అదీగాక, తుడిచినాక సాబు మొగం సూసినావా? పెండ్లికొడుకు మాదిరి ఉంటాడు. దాన్ని చెడగొట్టేకి నాకు మనసు రాలేదు."

బడే సాబ్ ఆదోని నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే జొహరాబీ చెంబుతో నీళ్లందిస్తూ నెమ్మదిగా అంది: "వీరేశమన్న బల్బు నేను తుడిచినాను."

ఆయన కాళ్లు కడగడం ఆపేశాడు. "ఊడ... ఊడదీసి తుడిచినావా?"

"ఊడదీసే. రాసింది గూడా సదివినా. నూరుపాళ్లు శుభ్రంగా ఉండాది."

బడే సాబ్ నేల చూపులు చూశాడు. ఈ అబద్ధాలకోరును చూసి ఆమెకు ముద్దు, నవ్వు ఒకేసారి వచ్చాయి. కానీ బయటపడలేదు.

"చక్రం నెమ్మదించదు, నాకు తెలుసు. మిక్సీ మాత్రం రంజానుకు రావాల."

రంజానుకు వచ్చింది. వచ్చిన రోజే బడే సాబ్ దాన్ని విప్పి, కొత్తదానిలో లేని దుమ్మును తుడిచి, ఒక మర మిగిల్చి బిగించాడు. అది వహీదా బీ మిక్సీ కంటే గట్టిగా గుర్రుమంది.

మరునాడు గుడ్డ దులుపుకుంటూ ముందుగదిలో స్టూలెక్కి దిగాడు. "చూసినావా వీరేశం, దుమ్ము!"

"అవును సాబూ, దుమ్మే," అన్నాడు వీరేశం.

"దుమ్మే, దుమ్మే," అంటూ జొహరాబీ తువ్వాలు తడిపి పిండి, గుంతలోకి అందించింది.