మామయ్య చెప్పని సాక్ష్యం

మా మేనమామ బాంబర్ విమానం నడిపాడు. ఈ మాట చిన్నప్పటినుంచి ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. బడిలో ఎవరైనా వాళ్ళ నాన్న బుల్లెట్ బండి కొన్నాడని గొప్పలు పోతే, నేను నింపాదిగా మామయ్య విమానం సంగతి ఎత్తేదాన్ని. ఇక అవతలివాళ్ళు కిమ్మనేవాళ్ళు కాదు. డెబ్భై ఒకటి యుద్ధంలో బాంబులు వేసి, పతకం కూడా తెచ్చుకున్న మామయ్య ఉన్నప్పుడు ఆ మాత్రం టెక్కు ఉండదా మరి!

కాకపోతే ఆయన ఎక్కడ బాంబులు వేశాడు, పతకం దేనికిచ్చారు అని ఎవరైనా గట్టిగా అడిగితే నాకేమీ తెలియదు. కిందటేడాదిదాకా ఎవరూ అడగలేదు కాబట్టి బండి నడిచిపోయింది. జగ్గయ్యపేటలో మా అమ్మమ్మ వాళ్ళు వెళ్ళే చర్చికి వార్షికోత్సవం వచ్చింది. సంచిక వేద్దామనుకున్నారు. అక్కడి పాస్టరుగారు నందిగామలో మా ఇంటికి వచ్చి, కాఫీ తాగి, "టీచరుగారూ, మన సంఘంలోంచి వెళ్ళిన పైలట్‌గారి గురించి ఒక్క పేజీ మీరే రాసివ్వాలండి" అన్నారు. నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను. మావాళ్ళ దృష్టిలో యుద్ధమంటే సోషల్, సోషలంటే నేను. సరేనన్నాను.

పాస్టరుగారు గేటు దాటారో లేదో, మా అమ్మ వచ్చి నా ఎదుట కూర్చుంది. ఆవిడకి ఎనభై దగ్గరపడ్డాయి. మామయ్యకి అక్క.

"రాస్తే రాద్దువుగానీ, నాకొక్క సంగతి కనుక్కుని పెట్టవే."

"ఏంటమ్మా?"

"వాడు దేవుణ్ణి నమ్మే పోయాడా, నమ్మకుండా పోయాడా?"

ఈ ప్రశ్న అర్థం కావాలంటే మా ఇళ్ళల్లో పద్ధతి ఒకటి చెప్పాలి. ఎవరికి ఏ మేలు జరిగినా, జబ్బు తగ్గినా, ఉద్యోగం వచ్చినా, చివరికి సెకండ్‌హ్యాండ్ ట్రాక్టరు కొన్నా, కృతజ్ఞతా కూటం పెట్టడం మాకు అలవాటు. చుట్టాల్నీ సంఘాన్నీ పిలుస్తారు. పాటలు, ప్రార్థన, బైబిలు వాక్యం అయ్యాక, మేలు పొందినవాడు లేచి నిలబడి దేవుడు తనని ఎలా కాపాడాడో నలుగురి ముందూ చెప్పాలి. దాన్నే సాక్ష్యం అంటారు. సాక్ష్యం అయితే తప్ప భోజనాలు వడ్డించరు. అందుకని మావాళ్ళల్లో ఎంత బిడియస్థుడైనా ఆ నాలుగు మాటలూ చెప్పేస్తాడు.

యుద్ధం ముగిశాక వచ్చిన వేసవిలో మామయ్య సెలవు మీద వచ్చాడు. అమ్మమ్మ షామియానా వేయించి కూటం పెట్టింది. పెనుగంచిప్రోలు నుంచి చుట్టాలు ఎడ్లబళ్ళు కట్టుకుని దిగారట. నేనప్పటికి మా అమ్మ కడుపులో ఉన్నాను కాబట్టి నేనూ హాజరైనట్టే. యుద్ధం నడిచినన్నాళ్ళూ అమ్మమ్మ ఉపవాసాలుండి ప్రార్థన చేసిన సంగతి ఊరందరికీ తెలుసు. ఆ ప్రార్థనే కొడుకుని తిరిగి తెచ్చిందని ఆ కొడుకు నోటితో వినాలని ఆవిడ ముందు వరసలో కూర్చుంది. అప్పటి పాస్టరుగారు, "ఇప్పుడు మన బిడ్డ సాక్ష్యం చెబుతాడు" అన్నారు. మామయ్య లేచాడు. వాళ్ళమ్మ వైపు చూశాడు. చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

భోజనాలు ముగిశాక గానీ తిరిగి రాలేదట. అమ్మమ్మకి నలుగురిలో తలకొట్టేసినట్టయింది. యుద్ధం వాణ్ణి విశ్వాసంలో చల్లార్చేసిందని పెద్దలు ఆరోజే తీర్మానించేశారు. అప్పటినుంచి మామయ్య మా సంఘానికి శాశ్వత ప్రార్థన అంశం అయిపోయాడు. వానల కోసం, పరీక్షలు రాసే పిల్లల కోసం, మామయ్య మారుమనసు కోసం. ఆయన పెళ్ళి చేసుకోకపోవడంతో ఆ అంశానికి ఇంకో అంశం తోడైంది. పాపం ఆయన సెలవుకొచ్చినప్పుడల్లా చర్చికి వచ్చేవాడు. చివరి బెంచీలో కూర్చునేవాడు. సాక్ష్యాల వేళకి మాత్రం లేచి బయటికి నడిచేవాడు. అమ్మమ్మ ఆ దిగులుతోనే పోయింది. కొన్నేళ్ళ క్రితం మామయ్య కూడా సికింద్రాబాద్‌లో గుండెపోటుతో పోయాడు.

"నేను పోయాక అక్కడ అమ్మ ఉంటుంది, నాన్న ఉంటాడు. వీడు ఉంటాడా?" అంది మా అమ్మ. ఏడవలేదు. పెళ్ళికి ఎవరెవరు వస్తున్నారో ఆరా తీస్తున్నట్టు అడిగింది. పేజీ రాయమంటే ఎలాగో రాసిపడేస్తాను గానీ, పరలోకంలో ఎవరున్నారో కనుక్కురమ్మంటే ఎక్కడికి వెళ్ళను?

ముందు చుట్టాల దగ్గరికి వెళ్ళాను. అదే పొరపాటు. పెనుగంచిప్రోలు పెద్దమ్మ మిరపకాయలు తొడిమలు తీయిస్తూ, మామయ్య ఒక్కడే ఒక్క పూటలో శత్రువుల ఓడరేవు తగలబెట్టి వచ్చాడంది. చిల్లకల్లు అన్నయ్య ఓడరేవు కాదు, రైలు వంతెన అన్నాడు. పరిటాల బాబాయిది మరీ విడ్డూరం.

"యుద్ధం నుంచి తిరిగొస్తా మన హనుమంతుడి విగ్రహం చుట్టూ ఒక రౌండు కొట్టి వెళ్ళాడమ్మా. నా కళ్ళతో చూశా."

"బాబాయ్, ఆ విగ్రహం కట్టి ఎన్నేళ్ళయింది? అప్పటికి లేదుగా."

బాబాయి కాసేపు ఆలోచించాడు. "అయితే ఆ చోటు చుట్టూ కొట్టుంటాడు" అన్నాడు.

ఇక అసలు మూలం అమ్మమ్మే. కొడుకు చెప్పని సాక్ష్యాన్ని ఆవిడే ఏటేటా లేచి చెప్పేది. చిన్నప్పుడు నేను విన్నవి గుర్తు చేసుకుంటే, మొదట్లో విమానానికి ఇంజన్‌లో ఏదో చిన్న ఇబ్బంది. తర్వాత్తర్వాత ఇంజన్‌కి నిప్పంటుకుంది. నేను పదో తరగతికి వచ్చేసరికి ఇంజన్లన్నీ ఊడిపోయి, విమానం కేవలం అమ్మమ్మ ప్రార్థన మీద తేలుకుంటూ వచ్చి దిగింది. ఆవిడ అబద్ధాలాడే మనిషి కాదు. కొడుకు నోరు విప్పకపోయేసరికి ఆ ఖాళీని ఆవిడ ప్రేమ కొద్దీ పూడ్చుకుంటూ పోయింది, అంతే.

చుట్టాల్ని వదిలి నెట్‌లో పడ్డాను. పతకం ఇచ్చినప్పుడు ప్రభుత్వం ప్రకటించిన నాలుగు ముక్కలు దొరికాయి. శత్రువుల విమానాశ్రయం మీద దాడికి వెళ్ళినప్పుడు కింది నుంచి కాల్పుల్లో ఒక ఇంజన్ దెబ్బతిన్నదనీ, అయినా వెనక్కి తిరగకుండా బాంబులు వేసి, ఒంటి ఇంజన్‌తో విమానాన్ని క్షేమంగా తెచ్చాడనీ ఉంది. చదువుతుంటే ఒళ్ళు గగుర్పొడిచింది. అమ్మమ్మ మొదట్లో చెప్పినదాంట్లో నిజముందన్నమాట! అమ్మకి చదివి వినిపించాను. సంతోషపడింది గానీ, "ఇందులో దేవుడి మాట లేదుగా" అంది.

మా బడిలో లెక్కల టీచరు భర్త ఎయిర్‌ఫోర్స్‌లో చేసి రిటైరయ్యాడు. వాళ్ళకి వాట్సాప్ గ్రూపులు ఉంటాయి. ఆయన అందులో విచారించి, "మీ మామయ్యగారి నావిగేటర్ ఉన్నారండీ, సికింద్రాబాద్‌లోనే" అని చెప్పాడు. ఆ విమానంలో ఇద్దరుంటారట. ఒకరు నడుపుతారు, ఒకరు దారి చూసి చెబుతారు. నేను తెల్లబోయాను. మా ఇంట్లో ఇన్నేళ్ళు ఇంత కథ నడిచింది గానీ, విమానంలో రెండో మనిషి ఉన్నాడని ఒక్కరూ అనలేదు. నిక్షేపంలా బతికి వచ్చిన మనిషిని మేం కథలోంచి పూర్తిగా దించేశాం!

ఫోన్ చేస్తే ఆయన, "మావాడి మేనకోడలివా? అమ్మని తీసుకునే రా తల్లీ" అన్నారు. ఒక ఆదివారం ఆరాధన ఎగ్గొట్టి మరీ అమ్మ కారెక్కింది. అదే పెద్ద విశేషం. జంతికల డబ్బా సికింద్రాబాద్ దాకా ఒళ్ళోంచి దించలేదు.

ఆ పెద్దాయనకి చూపు తగ్గింది గానీ గొంతు ఖంగుమంటోంది. రాజమండ్రి మనిషి. అమ్మని కూర్చోబెట్టి మొదట అన్నమాట, "మీ తమ్ముడు నేను చెప్పిన దారిలో ఒక్కసారీ బుద్ధిగా వెళ్ళలేదండీ. దిగాక సారీ చెప్పేవాడు." అమ్మ నవ్వింది. తమ్ముడి గురించి నవ్వొచ్చే మాట విని ఎన్నాళ్ళయిందో.

ఆయన ఆ దాడి సంగతంతా చెప్పారు. ఇంజన్ దెబ్బతిన్నది నిజమే. ఊడిపోలేదు. నేను కాయితం తీసి రాసుకుంటున్నాను. అమ్మకి అవేవీ పట్టలేదు. అడ్డుపడి అడిగేసింది.

"వాడు ప్రార్థన చేసేవాడాండి?"

"చేసేవాడా ఏంటమ్మా! విమానం ఎక్కేముందు, దిగాక, అన్నం ముందు. రిటైరయ్యాక మేమిద్దరం పక్కపక్క వీధుల్లోనే ఉన్నాం కదా. పొద్దున్నే వాకింగ్‌కి పిలవడానికి వెళ్తే ఆయన ప్రార్థన అయ్యేదాకా నేను గేటు దగ్గర పడిగాపులు. చివరి రోజు వరకూ అంతే."

అమ్మ కళ్ళు మూసుకుంది. పెదాలు కదిలాయి. నాకూ మనసు తేలికైంది. వచ్చిన పని అయిపోయిందనుకుని కాయితం మడవబోయాను. అమ్మే వదల్లేదు.

"మరి సాక్ష్యం చెప్పమంటే లేచెళ్ళిపోయాడెందుకండి? మా అమ్మ అంత ఆశపడి కూర్చుంటే?"

పెద్దాయన మెల్లగా చెప్పారు. మామయ్యకి అదే దళంలో ఒక స్నేహితుడుండేవాడు. కేరళ అబ్బాయి, క్రైస్తవుడే. ఇద్దరిదీ ఒకే గది. వాళ్ళమ్మ కూడా ఉపవాసముండేదట. మా అమ్మ ఉపవాసం కఠినమంటే మా అమ్మదే కఠినమని ఇద్దరూ రోజూ పోట్లాడుకునేవాళ్ళు. ఆ దాడికి మామయ్య వెనకాలే ఆ అబ్బాయి విమానం వెళ్ళింది. అది తిరిగి రాలేదు.

"సెలవు నుంచి వచ్చాక మనిషి ముభావంగా ఉంటే, ఏమైందిరా అని అడిగాను. కూటం సంగతి చెప్పాడు. 'మా అమ్మ ప్రార్థన వల్ల బతికి వచ్చానని నేను లేచి చెబితే, వాడి అమ్మ ప్రార్థన చాలలేదని చెప్పినట్టే కదరా. ఆ మాట నా నోటితో ఎట్లా చెప్పను?' అన్నాడు."

నేను అమ్మ చెయ్యి పట్టుకున్నాను.

"మా అమ్మకి ఈ ముక్క చెప్పుంటే ఎంత బాగుండేది" అంది అమ్మ చివరికి.

"అడిగితే చెప్పేవాడమ్మా. నేను అడిగాను, చెప్పాడు" అన్నారు ఆయన మామూలుగా.

తిరుగు ప్రయాణంలో అమ్మ కోదాడ దాటేదాకా కిటికీలోంచి బయటికే చూసింది. పేజీలో ఏం రాయాలో నేను లోపల కూడబలుక్కుంటున్నాను. పాస్టరుగారికి ఇది నచ్చుతుందో లేదో తెలియదు, అయినా ఇదే రాయాలని గట్టిగా అనుకున్నాను. చిల్లకల్లు టోల్‌గేటు దగ్గర కారు ఆగింది.

"ఎన్నేళ్ళు ప్రార్థన చేశామే వాడి కోసం" అంది అమ్మ. "వాడికి ఏమైందని పాస్టరుగార్లని అడిగాం. ఊళ్ళోవాళ్ళని అడిగాం. మోకాళ్ళు కాయలు కాసేదాకా దేవుణ్ణి అడిగాం. వాడు వచ్చి చివరి బెంచీలో కూర్చునేవాడు. వాణ్ణి మాత్రం ఒక్కళ్ళమూ అడగలేదు."