స్టేజీ చెక్కల మీద బాపు చెయ్యి

కరెంటు పని చేసేవాడు దయ్యాలను నమ్మితే పూట గడవదు. బల్బు ఆరి వెలిగిందంటే హోల్డర్ లూజైంది. ఎవరూ లేని చోట కీచుమన్నదంటే ఫ్యాను బేరింగ్ పోయింది. సూరత్‌లో ఒక కళామందిరంలో ఏళ్ల తరబడి లైట్లు చూసుకున్నాను. ఖాళీ హాల్లో ఒక్కణ్నే ఉండి పని చేసిన రోజులు ఎన్నో. ఒక్కసారి కూడా భయమేయలేదు. నా భార్య లావణ్య గుమ్మానికి నిమ్మకాయ కడితే నవ్వేవాణ్ని. కాబట్టి దీన్ని నమ్మమని ఎవరినీ బతిమాలను. జరిగింది జరిగినట్టు చెప్తాను.

ముందు ఆ హాలు సంగతి చెప్పాలి. గజళ్లు, గర్బా పాటలు, సితార్ కచేరీలు అన్నీ అక్కడే. ఏడాదికొకసారి, సాంచాలకు సెలవున్న రోజు చూసుకుని, మా తెలంగాణ వాళ్లం కూడా హాలు మాట్లాడుకునేవాళ్లం. సాంచాలంటే కరెంటు మగ్గాలు. మావాళ్లలో సగం మంది బతుకు వాటి మీదే. ఆ రోజు ఊరి నుంచి పాటగాళ్లను, డప్పు వాళ్లను పిలిపించుకునేవాళ్లం. మిగతా కచేరీలకు హాలంతా అత్తరు వాసన. మా కచేరీకి ఇంటి నుంచి కట్టుకొచ్చిన సర్వపిండి వాసన.

మావాళ్లతో ఒక చిక్కుండేది. సాంచాల మోతలో చెవులు దెబ్బతిని ఉంటాయి కదా, పక్కవాడితో గుట్టుగా చెప్పిన మాట కూడా బాల్కనీ దాకా వినిపించేది. ఒకసారి పాటగాడు గుండె కరిగేలా రాగం తీస్తుంటే, ఒక పెద్దాయన తన కోడలి కూరలో ఉప్పెక్కువని పక్కాయనకు రహస్యం చెప్పాడు. కోడలు ముందు వరుసలోనే ఉంది. పాటగాడు కూడా నవ్వాపుకోలేక పాట ఆపేశాడు.

మా బాపుకైతే, అంటే నాన్నకు, చెవులు పూర్తిగానే పోయాయి. అయినా ఒక్క కచేరీ వదిలేవాడు కాదు. కుర్చీలో కూర్చునేవాడు కాదు. స్టేజీ పక్క మెట్ల మీద కూర్చుని, అరచెయ్యి స్టేజీ చెక్కకు ఆనించేవాడు. డప్పు దెబ్బ చెక్కలోంచి చేతికి వచ్చేది. తల సరిగ్గా దరువుకే ఊగేది. మొదట్లో మేనేజరు ఆయన్ని అక్కణ్నించి లేపబోయాడు.

"చెవులు పోతేంది సాబ్, చెయ్యి ఉన్నది గద" అన్నాడు బాపు, మేనేజరు గుజరాతీవాడన్న సంగతే పట్టించుకోకుండా. తర్వాత ఎవరూ లేపలేదు.

ఇంట్లో కూడా బాపు మాట్లాడేది ఎక్కువగా చేతులతోనే. ఆయన పని చేసిన సాంచాల షెడ్డులో మాట వినబడదు కనుక పనివాళ్లకు సైగలుంటాయి. సేఠ్ వస్తున్నాడంటే ఒకటి, దారం తెగిందంటే ఒకటి. అరచెయ్యి పైకి చూపించి టక్కున బోర్లా తిప్పితే, బట్ట తిరగెయ్యి, కింది వైపు తప్పు పడింది అని. పెనం మీద రొట్టె మాడుతున్నా లావణ్యకు ఇదే సైగ.

కరోనా వచ్చి హాలు మూతపడింది. రెండో ఏడు ఎండాకాలంలో నాకు జ్వరం తగిలింది. పరీక్ష చేస్తే అదే. మాది ఒక్కటే గది. అందులో నేను, లావణ్య, పాప, బాపు. బాపు ఊపిరితిత్తులు దారాల దుమ్ముతో ఎప్పుడో పాడయ్యాయి. ఆయనకు అంటితే బతకడని డాక్టరు తెగేసి చెప్పాడు. ఆస్పత్రుల్లో మంచాలు లేవు. మా మేనేజరు మంచివాడు. కళాకారులు ముస్తాబయ్యే గ్రీన్ రూములో ఉండమన్నాడు.

చుట్టుపక్కల వాళ్లకు తెలిసి గొడవ చేశారు. రోగి బయట తిరిగితే ఎలా అన్నారు. వాచ్‌మన్ రమేష్‌భాయ్ వాళ్లకు ఎదురు చెప్పలేక బయట జాలీ తలుపుకు తాళం వేశాడు. పొద్దున, సాయంత్రం వచ్చి సందులోంచి టిఫిన్ పెట్టి, దూరం నుంచే "కేమ్ ఛో, శంకర్‌భాయ్?" అని బాగోగులు అడిగి వెళ్లేవాడు.

గ్రీన్ రూముకు కిటికీ లేదు. గోడలన్నీ అద్దాలు. ఎటు తిరిగినా నా ముఖమే, రోజురోజుకూ పీక్కుపోతూ. చూడలేక వాటి మీద దుప్పట్లు కప్పాను. గదిలోంచి స్టేజీ మీదికి తలుపుంది. ఊపిరాడనట్టు ఉన్నప్పుడు అక్కడికి వెళ్లి కూర్చునేవాణ్ని. కుర్చీలన్నిటికీ తెల్లగుడ్డలు కప్పి ఉన్నాయి. హాలు పెద్దదే, కాని తాళం పడ్డాక ఎంత పెద్దదైతే ఏం లాభం? పాత కచేరీలు తలచుకుంటూ గడిపేవాణ్ని. ఏ పాటకు ఏ రంగు లైటు వేశానో కూడా గుర్తొచ్చేది.

ఒక రోజు పొద్దున్నే కరెంటు పోయింది. తప్పు బయట ట్రాన్స్‌ఫార్మర్‌లో ఉందని తెలుసు. తెలిసి ఏం చేస్తాను, తాళం లోపల ఉన్నవాణ్ని. ఫోను ఆగిపోయింది. మధ్యాహ్నానికి ఆయాసం పెరిగింది. జాలీ తలుపు దాకా వెళ్లి ఎవరినైనా కేకేద్దామని లేచాను. స్టేజీ దాటలేకపోయాను. అక్కడే వెల్లకిలా పడిపోయాను. ఇక చచ్చిపోతానని అర్థమైంది. పాప గుర్తొచ్చింది. ఏడుద్దామన్నా ఊపిరి చాలలేదు.

అప్పుడు వీపు కింద చెక్క అదిరింది.

చెవులకు ఏమీ వినిపించలేదు, అది ఖాయంగా చెప్పగలను. కాని వీపుకు దెబ్బ తగులుతోంది. రోడ్డు మీద లారీ పోతే వచ్చే అదురు నాకు తెలుసు. ఇది అది కాదు. మా కచేరీలో డప్పు వాళ్లు మొట్టమొదట వేసే దరువు.

తల పక్కకు తిప్పాను. పైన వెంటిలేటర్లలోంచి పగటి వెలుతురు పడుతోంది. మెట్ల మీద బాపు కూర్చున్నాడు. బనీను, చారల లుంగీ. ఒక చెయ్యి చెక్క మీద ఉంది. రెండో చెయ్యి ఎత్తి, అరచెయ్యి టక్కున బోర్లా తిప్పాడు. మళ్లీ తిప్పాడు. ముఖంలో కోపం. షెడ్డులో నేను పని నేర్చుకునేటప్పుడు తప్పు చేస్తే పెట్టే ముఖమే.

తిరగెయ్యమంటున్నాడు. ఏ బట్ట బాపూ, ఇక్కడేముంది అనుకున్నాను. అక్కడున్నది నేనొక్కణ్నే. ఎలాగో ఒళ్లు కూడగట్టుకుని బోర్లా తిరిగాను. చెంప చెక్కకు ఆనింది. ఆ దరువు ఛాతీకి తగులుతుంటే కొంచెం కొంచెంగా గాలి లోపలికి రావడం మొదలైంది. మళ్లీ చూసేసరికి మెట్లు ఖాళీగా ఉన్నాయి.

చాలాసేపటికి తాళం తీసిన చప్పుడైంది. రమేష్‌భాయ్ భయమంతా పక్కన పెట్టి నన్ను భుజానేసుకుని ఆటో ఎక్కించాడు. ఆ రోజు ఒక చిన్న ఆస్పత్రిలో మంచం దొరికింది. అక్కడా బోర్లాయే పడుకోబెట్టారు. రమేష్‌భాయ్ చెప్పింది విని, స్టేజీ మీద అలా పడుకుని ఉండకపోతే ఇక్కడిదాకా వచ్చేవాడివి కాదన్నాడు డాక్టరు. ఎవరు చెప్పారని అడిగితే, ఇంట్లోవాళ్లని చెప్పాను.

ఆక్సిజన్ తగ్గితే లేనివి కనిపిస్తాయట. బోర్లా పడుకోవాలని టీవీలో ఎప్పుడో విని ఉంటావన్నాడు మిత్రుడొకడు. కావచ్చు. నేనూ అలాగే సర్దిచెప్పుకున్నాను, ఇంటికొచ్చి లావణ్య మాట వినేదాకా.

"ఆ దినం పగటీలి మామ గోడ దిక్కు తిరిగి చెయ్యి తిప్పుతనే ఉన్నడు. పొయ్యి మీద రొట్టె గిట్ల ఏం లేదు. ఎంత ఆపినా ఆగలే. నీకు ఫోన్ జేస్తె బంద్ వచ్చింది. నాకు పానం ఆగక రమేష్‌భాయ్‌కి జేసిన" అంది.

బాపు ముందు కూర్చుని, పెదాలు కనబడేలా మెల్లగా అడిగాను, ఆ రోజు ఎందుకలా చేశావని. నా తల నిమిరాడు.

"నువ్వే పిలిస్తివి గద బిడ్డా. బాపూ అని. ఎన్నేండ్లకు నీ గొంతు ఇన్న" అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు.

మర్నాడు ఆయన చాయ్ తాగుతుంటే వెనక నిలబడి "బాపూ" అన్నాను. కదల్లేదు. గొంతు చించుకుని అరిచాను. బయట ఆడుకుంటున్న పాప బెదిరిపోయి పరుగెత్తుకొచ్చింది. బాపు చాయ్ తాగుతూనే ఉన్నాడు.

ఆ రోజు స్టేజీ మీద నేను ఎవరినీ పిలవలేదు. పిలిచే ఊపిరి నాలో లేదు. పిలవాలని మాత్రం ప్రాణం కొట్టుకుంది. అంతకుమించి నాకు ఈనాటికీ తెలియదు.