మెడ పొట్టి హంసలు

మొన్న జగిత్యాలలో పళ్ళ డాక్టరు దగ్గర నా వంతు కోసం ఎదురుచూస్తుంటే, ఎదుటి కుర్చీల వరుస నన్ను స్థిమితంగా కూర్చోనివ్వలేదు. కొత్త కుర్చీలే, గుడ్డ కూడా మంచిదే, పెద్ద పెద్ద ఆకుల తీగ ఉన్న గుడ్డ. కానీ వీపు మీద ఎడమకు పాకిన తీగ కూర్చునే చోటికి వచ్చేసరికి కుడి పక్క నుంచి మొదలవుతోంది, ఒక కుర్చీకైతే ఆకులు తలకిందులుగా వేలాడుతున్నాయి. అక్కడున్నవాళ్ళెవరికీ అది పట్టినట్టు లేదు. నేను మాత్రం లేచి వెళ్ళి, వంగి, అడుగున గుడ్డ ఎట్లా మడిచారో, ఎంత వదిలారో వేలితో తడిమి చూస్తున్నాను. కౌంటర్ దగ్గరున్న అమ్మాయి కాసేపు నన్ను దొంగను చూసినట్టు చూసి, "అమ్మా, ఏమన్న పడిపోయిందా?" అని అడిగింది. "పన్ను బిడ్డా, గిప్పుడే ఊడి పడ్డది" అన్నాను. పాపం, మోకాళ్ళ మీద కూర్చుని మూడు కుర్చీల కింద వెతికింది.

దొంగను చూసే ఆ చూపు నాకు కొత్త కాదు. ఆ చూపు కిందే నా కాపురం మొదలైంది. నేను సిరిసిల్ల నుంచి కోరుట్లకు కోడలిగా వచ్చేనాటికి మా అత్తవారింటి ముందు గదిలో కుర్చీల దుకాణం ఉండేది. మా ఆయన చెక్క చట్రాలు బిగించి, స్ప్రింగులు కట్టి, స్పాంజి అతికేవాడు. గుడ్డ కోయడం, కుట్టడం మా అత్తమ్మ పని. మామగారు అప్పటికే పోయారు, దుకాణాన్ని ఆమె ఒంటిచేత్తో నిలబెట్టింది, బహుశా అందుకేనేమో లోకంలో ప్రతి మనిషీ తన గుడ్డలో ఒక బెత్తెడు కత్తిరించుకుపోవడానికే పుట్టాడని నమ్మేది. పాలవాడి ముందే పాలలో వేలు ముంచి చూసేది. గుడ్డలు దాచే సందుగ మూత మధ్య తన తెల్ల వెంట్రుక ఒకటి ఇరికించి తాళం వేసి, తిరిగొచ్చాక అది అక్కడే ఉందో లేదో చూసుకునేది. ఒకసారి నేను ఆ తెల్ల వెంట్రుక లాగేసి నల్లది ఇరికించాను. మూడు రోజులు ఆమెకు అన్నం సహించలేదు.

ఇక నా సంగతి మీకు ఈపాటికి తెలిసిపోయే ఉంటుంది. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం నాకు చిన్నప్పటినుంచీ చేతకాదు. కొంచెం సాగదీస్తే గాని మాటకు అందం రాదనిపిస్తుంది. తల్లీతండ్రీ లేని నన్ను పెంచి పెళ్ళి చేసింది మా మేనమామ. ఆయనకు సిరిసిల్లలో ఆరు సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, ఉండేవి; అందులో రెండింటికి పైన చిల్లుల అట్టల గొలుసు బిగించి, గుడ్డలోనే పూలూ పిట్టలూ తేలేటట్టు నేయించేవాడు. ఆ సాంచాల చప్పుడుకు పక్కింటి గోడ మీది బల్లి కూడా తాళం తప్పకుండా తోక ఊపుతుందని కోరుట్లకు వచ్చిన కొత్తలోనే చెప్పాను. మా ఆయన నవ్వాడు. అత్తమ్మ నవ్వలేదు. "దీని మాటల్ల రూపాయికి చారాణే నమ్మాలె" అని ఆ రోజే తేల్చేసింది.

బొమ్మల గుడ్డను కుర్చీకి తొడగడం ఎంత తలనొప్పో చేసినవాళ్ళకే తెలుసు. సాదా గుడ్డ అయితే ఎటు కోసినా ఒకటే. బొమ్మ ఉంటే అది వీపుకు సరిగ్గా నడుమన రావాలి, కూర్చునే చోటి బొమ్మ దాని కిందే నిలువుగా నిలవాలి, కుర్చీలన్నీ వరుసగా వేస్తే బొమ్మల తలలన్నీ ఒకే ఎత్తున కనిపించాలి. అందుకోసం చాలా గుడ్డ పక్కకు పోతుంది, ఆ పోయినదంతా మేమే దాచుకున్నామని గుడ్డ ఇచ్చినవాళ్ళకు అనుమానం. ఇబ్రహీంపట్నం వైపు నుంచి దుబాయి పోయొచ్చినవాళ్ళు పులి బొమ్మ దుప్పట్లు తెచ్చి సోఫాలకు కుట్టమనేవారు. పులి మొహం వీపుకు వస్తే మరి తోక ఏమైందని మా అత్తమ్మతో గంటసేపు తగువు పెట్టుకుని, ముక్కల సంచి బోర్లించి, తోక వెతికి పట్టుకుపోయిన మనిషిని నేను కళ్ళారా చూశాను. ఆ తోకను ఇంట్లో గోడకు కొట్టుకున్నాడని తర్వాత విన్నాను. అంటే నేనే అన్నాను, అందరూ విన్నారు.

నాకు పెళ్ళయిన రెండో ఏడు, ఎండాకాలంలో, గొల్లపల్లి నుంచి ఒక దొరసాని ఎనిమిది కుర్చీలు కావాలని వచ్చింది. దొరతనం పోయినా మాటలో దర్పం పోని మనిషి. జగిత్యాలలో ఉండే ఆమె తోడికోడలి ఇంట్లో పూల కుర్చీలు ఉన్నాయట, ఆ తోడికోడలు నెల దాటాక వీళ్ళింటికి రాబోతోందట, కాబట్టి ఈమెకు హంసలు కావాలి. అటువంటి గుడ్డ కోరుట్ల బజారులో ఎక్కడా లేదు. నేను ఊరుకోవచ్చు కదా. "మా మేనమామ నేసిన హంస మీద నీళ్ళు చల్లితే ఈదుతది దొరసానమ్మా" అన్నాను. ఆమెకు ఆ మాట నచ్చింది, వీపు ముందూ వెనకా, కూర్చునే చోట, రెండు చేతుల మీదా కలిపి కుర్చీకి అయిదు హంసల లెక్కన ఇరవై మీటర్ల గుడ్డకు మా మేనమామకే కబురు పంపింది. అత్తమ్మ మాత్రం నా వైపు చూసిన చూపులో, ఈ పనిలో ఎక్కడ తేడా వచ్చినా అది నీదే అన్న మాట స్పష్టంగా ఉంది.

పదిహేను రోజులకు మేనమామ స్వయంగా మూట భుజాన పెట్టుకుని బస్సు దిగాడు. ఇక్కడ మావైపు మర్యాద ఒకటి చెప్పాలి. ఎవరి గుడ్డ అయినా సరే, అత్తమ్మ వాళ్ళ ముందే పరిచి, కట్టె పెట్టి కొలిచి, ఆ తర్వాతే లోపలికి తీసుకునేది. కానీ వియ్యాలవారు చేతికిచ్చిన గుడ్డను వాళ్ళ కళ్ళముందు కొలవడమంటే మొహం మీదే దొంగ అన్నట్టు. ఆమె చేయి కొలిచే కట్టె దాకా పోయి వెనక్కి రావడం నేను చూశాను. మేనమామకు అన్నం పెట్టింది, ఇరవై మీటర్లు అన్న ఆయన మాటను మాటగానే తీసుకుంది, ఆయన వెళ్ళాక కూడా కొలిస్తే తప్పనుకుందో ఏమో మూట సందుగలో పెట్టి తాళం వేసి చెవి నడుముకు దోపుకుంది. ఆమె అనుమానించకుండా లోపల పెట్టుకున్న మొదటి మూట బహుశా అదే.

మర్నాడు కోతకు కూర్చోవాలి. బొమ్మల గుడ్డకు తన కళ్ళు ఆనడం లేదని, గుడ్డ పరిచి గీతలు గీసి ఉంచమని నాకు చెప్పి ఆమె అంగడికి పోయింది. నేను కొలిచాను. మీటరుంబావు తక్కువ వచ్చింది. రెండో చివర నుంచి కొలిచినా అంతే, మూడోసారి కూడా అంతే.

ఆమె తిరిగొచ్చాక చెబితే చేతిలో కూరగాయల సంచి కింద పెట్టకుండానే అడిగింది.

"మీటరుంబావు ఏడికి వాయె?"

"నాకేమెరుక అత్తమ్మా, మీరు ఇచ్చినప్పుడే గంత ఉన్నది."

"మీ మామ ఇర్వై అన్నడు. ఆయన అబద్ధమాడిండా, నువ్వు ఆడుతున్నవా? రెండిట్ల ఒకటి చెప్పు."

ఏది చెప్పినా మునిగేది నేనే. తాళం చెవి ఆమె నడుముకే ఉంది కాబట్టి తీస్తే ఆమే తీయాలని నా అనుమానం. గుడ్డ విప్పిన గదిలో ఉన్నది నేనొక్కదాన్నే కాబట్టి తీస్తే నేనే తీయాలని ఆమె అనుమానం. నేను నీళ్ళకు పోయినప్పుడు ఆమె నా పెట్టె విప్పింది, దిండు గలీబులు కూడా తిరగేసింది. ఆమె పక్కింటికి పోయినప్పుడు నేను ఆమె బియ్యం డబ్బాలో మోచేతి దాకా చేయి పెట్టాను. గుడ్డ దొరకలేదు గాని, మాకెవరికీ తెలియకుండా దాచుకున్న గరిజెల మూట, అదే కజ్జికాయల మూట, దొరికింది. రెండు తిన్నాను. సాయంత్రానికి, "గుడ్డే కాదు, గీ ఇంట్ల ఇంకా ఏమేమో పోతున్నయ్" అని గోడకు చెప్పినట్టు అంది, ఏం పోయిందో మాత్రం చెప్పలేకపోయింది. మా ఆయన ఎవరి వైపూ చూడకుండా మేకులు కొట్టుకుంటూ కూర్చున్నాడు. ఆ రెండు రోజుల్లో అవసరానికి మించి కొట్టిన మేకులు ఆ చట్రాల్లో ఇప్పటికీ ఉండాలి.

మూడో రోజు పొద్దున ఆమె తీర్పు చెప్పింది. "దొరసాని వచ్చేలోపల గుడ్డ సంగతి తేలకపోతే, ఇగ నువ్వు సిరిసిల్లకు పొయ్యేది లేదు, మీ మామ ఈడికి వచ్చేది లేదు." నాకు పుట్టిల్లంటే ఆ మేనమామ ఒక్కడే.

ఆ దిగులుతోనే, ఉన్న గుడ్డనైనా సర్దుదామని హంసల మీద హంసలను పరుస్తున్నాను. తల తలకు కలిపితే కాళ్ళు కలవడం లేదు. కాళ్ళు కలిపితే తల కలవడం లేదు. ముందు మా ఆయన చట్రాలు వంకర అనుకున్నాను, తర్వాత నా కళ్ళను అనుమానించాను. చివరకు హంసలన్నిటినీ ఒక్కొక్కటే వేళ్ళతో కొలిస్తే అసలు సంగతి బయటపడింది. నలభై హంసల్లో సగం నిలువెత్తువి. తక్కిన సగం మూడు నాలుగు వేళ్ళు కురచ. కొన్నింటికి మెడ లేదు, కొన్నింటికి పొట్ట కిందే పాదాలు. సాంచాల మధ్య పెరిగినదాన్ని, కారణం నాకు వెంటనే తట్టింది. కరెంటు పోయి వస్తే గుడ్డ మీద అడ్డంగా గీత పడుతుంది. అది కనపడకుండా కార్మికుడు కొన్ని పోగులు విప్పి మళ్ళీ మొదలుపెడతాడు. బొమ్మను వరుస వరుసగా నడిపేది పైన అట్టల గొలుసే కాబట్టి, విప్పినంత మేర దాన్నీ వెనక్కి తిప్పాలి. తిప్పకపోతే హంసలో ఆ ముక్క మాయమైపోతుంది.

పరుగెత్తుకెళ్ళి చెప్పాను. కరెంటు పోయినప్పుడల్లా ఒక హంసకు మెడ పోయిందత్తమ్మా అని. ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "కరెంటు వోతే బల్బు ఆరుతది గని, హంస మెడ వోతదానే?" అంది. మా ఆయన కూడా మేకు నోట్లో పెట్టుకుని నవ్వాడు. జీవితంలో మొదటిసారి ఒక్క పోగు కూడా సాగదీయకుండా చెప్పిన మాట అది, అదే ఎవరూ నమ్మలేదు.

అదే రోజు, చెప్పిన గడువుకు ముందే దొరసాని దిగింది. పరిచి ఉన్న గుడ్డ చుట్టూ ఒకసారి తిరిగి, "నేను హంసలు అడిగితే బాతులను తెచ్చినవేందమ్మా? నా గుడ్డ ఏడ దాచినవ్, గిది ఎవలిది?" అంది. ముప్ఫై ఏళ్ళ దుకాణంలో అత్తమ్మను అంత మాట అన్నవాళ్ళు లేరు. ఆమె మొహం నల్లబడింది. "వారం ఇయ్యి దొరసానీ. నా దుకాణంల దారప్పోగు గూడ వోదు" అని మాత్రం అంది.

మర్నాడు తెల్లవారగానే ఆ గుడ్డ మూట కట్టి, నన్ను కట్టుబట్టలతో రమ్మని బస్సెక్కించింది. ఎక్కడికో చెప్పలేదు. వేములవాడ దాటాక గాని సిరిసిల్లకని తెలియలేదు; తెలిశాక, నన్ను అక్కడ దించి రావడానికే అని అనుమానం మొదలైంది. మూట మా ఇద్దరి మధ్య సీటులో మూడో మనిషిలా కూర్చుంది.

మేనమామ ఎదురొచ్చి మర్యాదలు మొదలుపెడితే ఆమె ఆగలేదు. హంసలు నేసిన సాంచె ఏదని అడిగి, దాని ముందు నూలు కండెల పెట్టె బోర్లించుకుని కూర్చుంది. వీర్నపల్లి నుంచి వచ్చి పనిచేసే పెద్దాయన ఒకడు నడుపుతున్నాడు, గొలుసుకు ఇంకా ఆ హంస అట్టలే ఉన్నాయి. మరి ఆ రోజుల్లో కరెంటు గంటకోసారి పోయేది కదా, ఆ రోజు పోలేదు. తొమ్మిదయింది, పదకొండయింది, ఒంటిగంటయింది, హంస వెనక హంస నిటారుగా, నిండు మెడతో దిగుతూనే ఉంది. ఒక్కో హంస దిగినప్పుడల్లా అత్తమ్మ నా వైపు తిరిగి చూసేది. కరెంటు పోవాలని మొక్కుకున్న మనిషి సిరిసిల్లలో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

రెండు దాటాక పోయింది. అన్ని సాంచాలూ ఒక్కసారి ఆగిపోయేసరికి చెవుల్లో గుయ్ మంది. అరగంటకు తిరిగి వచ్చింది. పెద్దాయన అలవాటు ప్రకారం నాలుగు వేళ్ళ మేర పోగులు విప్పాడు, గొలుసు ముట్టుకోకుండా మీట వేశాడు. అత్తమ్మ లేచి నిలబడింది. మా కళ్ళముందే ఒక హంస మెడ లేకుండా తల పెట్టుకుని బయటకు వచ్చింది. ఆమె తన వేళ్ళు ఆనించి కొలిచింది, మూట విప్పి మొదటి కురచ హంసను పక్కన పెట్టి చూసింది. మేనమామ ఎప్పుడూ టేపు పెట్టలేదట. హంసకు అర మీటరు, నలభై హంసలకు ఇరవై మీటర్లు అని హంసలను లెక్కపెట్టి మూట కట్టాడట. చెప్తూ చెప్తూనే ఆయన తల దించుకున్నాడు.

"అన్నా, ఇంకో ఇర్వై నిలువెత్తు హంసలు నేయించు. గీసారి టేపు వెట్టి కొలిచే తీస్కపోత, నువ్వేమన్న అనుకో."

"కొలువు చెల్లే. నేను పిట్టలను లెక్కవెట్టిన గని గుడ్డను కొల్వకపోతి."

తిరుగు బస్సులో ఆమె నన్ను ఒక్కటే అడిగింది. "గా బల్లి ముచ్చట గూడ నిజమేనా?" నిజమేనన్నాను. టికెట్లు కొంగుకు ముడేసుకుంటూ, "బల్లి ఉంటది. తోక ఊపది" అంది.

వారానికి దొరసాని వచ్చేసరికి ఎనిమిది కుర్చీలు, ఎనిమిది తలలు ఒకే ఎత్తున నిలిచి ఉన్నాయి. జరిగిందంతా నేను చెప్పబోతే దొరసాని నవ్వి, నీ మాటలు నాకెరుకే అన్నట్టు చెయ్యి ఊపింది. అప్పుడు అత్తమ్మ అడ్డుపడింది. "నా కోడలు నోరు తెరిస్తే అబద్ధమే దొరసానీ. గని గుడ్డ ముంగట అబద్ధమాడది." ఆ మాటతో మా మేనమామకు మా గడప మిగిలింది, నాకు సిరిసిల్ల మిగిలింది.

ఇప్పుడు సిరిసిల్లలో కరెంటు పోదు. కోరుట్లలో మా దుకాణానికి కుర్చీలు తయారై లారీలో దిగుతాయి, కొనేవాళ్ళు కూర్చుని ఊగి చూస్తారు తప్ప బొమ్మ వైపు చూడరు, గుడ్డ మిగిలిందా అని ఎవరూ అడగరు. ఎవరి మీదా ఎవరికీ అనుమానం లేదు, మంచిదే అనుకోవాలి. అత్తమ్మ పోయి చాలా ఏళ్ళయింది. నేను కథలు మానలేదు. అయితే ఎంత పెద్ద కోత కోసినా ఇంట్లో పిల్లలు ఫోను మీంచి తల ఎత్తకుండా "అవునా" అంటారు, ఉన్న మాట చెప్పినా అదే "అవునా". నా మాట నిజమో కాదో తేల్చుకోవడానికి బస్సెక్కి వచ్చి, అన్నం కూడా ముట్టకుండా పూటంతా సాంచె ముందు కూర్చున్న మనిషి నాకు మళ్ళీ దొరకలేదు.