కౌంటరు ముందు స్టూలు

ఫార్మసీ చదువు ఆఖరి సంవత్సరంలో, మందుల షాపుకి ట్రైనింగుకు వచ్చిన ఆ అమ్మాయికి యజమాని పెట్టిన పేరు ‘భవిష్యత్తు’. నోరు తెరిస్తే అదే మాట మరి. "ముందు ముందు మన పని డబ్బాలు అందివ్వడం కాదు బాబాయ్, మనుషులతో మాట్లాడటం" అంటుంది. జడలో పెన్ను గుచ్చుకుని, మందు డబ్బాలో వచ్చే కాగితాన్ని వెనకా ముందూ చదివి, పాత మడతల మీదే మళ్ళీ మడిచి పెడుతుంది. కౌంటరు ముందు స్టూలు వేసింది కూడా ఆమే. "కూర్చోబెడితే ఇక లేవరమ్మా" అని నవ్వబోయిన యజమానికి దగ్గు తెర ముంచుకొచ్చింది.

ఒక ఉదయం ఉబ్బసమున్న పెద్దావిడ ఇన్హేలరు పట్టుకొచ్చి, "ఇది పనిచెయ్యట్లేదు, మార్చండి" అని గొడవకి దిగింది. అమ్మాయి ఆవిణ్ణి స్టూలు మీద కూర్చోబెట్టి, "ఎలా వాడుతున్నారో ఒక్కసారి చూపించండి పెద్దమ్మా" అంది. ఆవిడ దర్జాగా నోరు తెరిచి, సెంటు కొట్టుకున్నట్టు రెండుసార్లు కొట్టి, వెంటనే గాలి వదిలేసింది. మందంతా పొగలా బయటికి పోయింది. "నొక్కుతూ లోపలికి పీల్చాలి. పది లెక్కపెట్టేదాకా ఊపిరి వదలకూడదు" అంటూ అమ్మాయి వేళ్ళు మడవసాగింది. పెద్దావిడతోపాటు వెనక నిలబడ్డ నలుగురూ ఊపిరి బిగపట్టారు. పది కాగానే అందరూ ఒక్కసారిగా ఉఫ్‌మన్నారు. షాపంతా నవ్వులే. జనం వెళ్ళాక యజమాని కౌంటరు దాటి వచ్చి ఆ స్టూలు మీద కూర్చున్నాడు. జేబులోంచి తన ఇన్హేలరు తీశాడు. ఇరవై ఏళ్ళుగా వాటిని అమ్ముతున్న మనిషి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అన్నాడు: "ఏదీ, నాక్కూడా మొదట్నుంచి చెప్పు."