మోటారు షెడ్డులో మరమనిషి

ముసునూరు రైతు బసవపున్నారావు నెమ్మదైన మనిషి. పేకాట తెలియదు, చుట్ట ముట్టడు. మనవాడొకడు రష్యా రాకెట్టెక్కి అంతరిక్షానికి వెళ్ళొచ్చిన వేసవిలో మాత్రం ఆయనకో సరదా పట్టుకుంది. మామిడికాయ అమ్మకానికి బెజవాడ వెళ్ళినప్పుడల్లా వన్‌టౌన్‌లో ఒక కొట్టుకెళ్ళి, అంతరిక్ష వీరుడి ప్లాస్టిక్ బొమ్మ కొనుక్కునేవాడు. ప్రతి డబ్బాలోనూ ఒక్కో పేరున్న వీరుడితోపాటు ఒక పెద్ద మరమనిషి తాలూకు ముక్క ఉంటుంది. ఒకదాంట్లో చెయ్యి, ఇంకోదాంట్లో నడుము. అన్ని డబ్బాలూ కొంటేనే మరమనిషి పూర్తవుతాడు.

నలభై దాటినవాడు బొమ్మలు కొంటున్నాడంటే ఊరు నవ్వుతుందని, వాటిని తోటలోని మోటారు షెడ్డులో పెట్టి తాళం వేసేవాడు. భార్య సుభద్రకు కూడా చెప్పలేదు.

వానలు మొదలయ్యాక ఒకరోజు, ఉతకబోయిన చొక్కా జేబులో సుభద్రకు వెండిరంగు ప్లాస్టిక్ కాలు దొరికింది. పిల్లలాడుకునే బొమ్మది. వాళ్ళకు పిల్లలు లేరు. ఆవిడ నూతి దగ్గరే కూలబడింది. కాయల సీజను అయిపోయినా బెజవాడ ప్రయాణాలు ఎందుకు ఆగలేదో అర్థమైందనుకుంది. అక్కడ ఇంకో ఇల్లుంది. ఆ ఇంట్లో పసివాడున్నాడు.

సాయంత్రం ఆయన చిలక్కొయ్యకున్న చొక్కాలన్నీ తడుముతున్నాడు.

“ఏం పోయిందండీ?”

“ఏం లేదే. ఊరికే.”

ఆ అబద్ధంతో ఆవిడ అనుమానం గట్టిపడింది. ఆ వారమంతా సరిగ్గా అన్నం తినలేదు. ఆయన మళ్ళీ బెజవాడ బయల్దేరితే, “చీర కొనుక్కోవాలి, నేనూ వస్తా” అంది. బస్సు ఆగిరిపల్లి దాటినా ఆవిడ బిగించిన గుప్పిట విప్పలేదు. వన్‌టౌన్ సందులోకి మళ్ళాక ఆవిడ ఇక ఆగలేకపోయింది. గుప్పిట విప్పి కాలు చూపించింది.

“మగపిల్లాడా, ఆడపిల్లా? అదొక్కటి చెప్పండి చాలు.”

పున్నారావుకు ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి ముఖం పాలిపోయింది. “అయ్యో, పిల్లలేంటే! ఆ కాలు నాదే!” అన్నాడు కంగారుగా.

ఆవిడ నమ్మలేదు. ఆయన ఆవిడ చెయ్యి పట్టుకుని కొట్టుకు తీసుకెళ్ళాడు. కొట్టు హనుమయ్య దూరం నుంచే చూసి కేకేశాడు: “రండి పున్నారావుగారూ, మీ తలకాయ వచ్చింది!”

హనుమయ్య అందించిన డబ్బాలో ఒక వీరుడు, పక్కనే వెండిరంగు తల. సుభద్ర ఆ తల వంకా, మొగుడి వంకా చూసి స్టూలు మీద చతికిలబడింది. ముందు ఏడుపొచ్చింది. వెంటనే ఆపుకోలేని నవ్వొచ్చింది. హనుమయ్య హడావిడిగా సోడా తెప్పించాడు.

“ఈ మాత్రం దానికి నన్ను చంపేశారు కదండీ!”

“నువ్వు నవ్వుతావని...”

“నవ్వుతాను. నవ్వితే ఏం?”

ఊళ్ళో బస్సు దిగి తిన్నగా తోటకే వెళ్ళారు. షెడ్డులో గోనెసంచి పరుచుకుని, ఆయన చెబుతుంటే ఆవిడ ఒక్కో ముక్కా బిగించింది. మరమనిషి లేచి నిలబడ్డాడు. కానీ వీరులందరి నెత్తినా దుమ్మే. ఆవిడ కొంగుతో తుడిచి, అందర్నీ బుట్టలో పెట్టుకుని ఇంటికి తెచ్చి, అద్దాల బీరువాలో గాజుగ్లాసులు తీసేసి నిలబెట్టింది.

మర్నాడు పక్కింటి వెంకాయమ్మ వచ్చి, “ఎవరివే ఈ బొమ్మలు?” అంది.

“మా ఆయనవి, పిన్నీ,” అంది సుభద్ర, “కూర్చో, వీళ్ళ పేర్లు చెబుతాను.”